వాడికి తెలియకుండా

ఆళ్లగడ్డలో బస్సు దిగి రాతి విగ్రహాలు చెక్కే కొట్టాల వైపు నడిచే దారిలో ఒక ప్రహరీ గోడ ఉంది. దాని మీద నీలిరంగు అక్షరాలతో, కింద ఒక ఫోను నంబరుతో, ఇలా రాసి ఉంటుంది: ‘తాగుడు మాన్పించబడును. తాగేవారికి తెలియకుండా ఇంట్లోవారే అన్నంలో కలిపి ఇవ్వవచ్చు.’ ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ గోడకు సున్నం కొట్టి పార్టీల గుర్తులు వేస్తారు. నాలుగు వానలు పడేసరికి గుర్తులు కారిపోతాయి, నీలి అక్షరాలు మళ్లీ పైకి తేలుతాయి. నాయకుల రంగుకంటే ఆ రంగే గట్టిది.

అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తాగుడు మాన్పించడం తప్పని కాదు. ‘తెలియకుండా’ అన్న మాట చూసి మండుతుంది. ఆ ఒక్క మాట నా తమ్ముడి నోటికాడి కూడు తీసేసింది. వాడు మళ్లీ మనిషి చేతి ముద్ద తింటాడా, మనిషి చేత్తో ఇచ్చిన మందు మింగుతాడా, లేక తొక్కా పొట్టూ ఉన్న కాయలు వలుచుకుని తింటూ అట్లాగే ఎండిపోతాడా అన్న దిగులుతోనే నాకు పోయిన ఏడాదంతా గడిచింది.

మేము ఇద్దరమే అన్నదమ్ములం. నేను నంద్యాలలో, వాడు ఆళ్లగడ్డలో. నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది. తర్వాత పురుగుమందుల అంగట్లో గుమాస్తాగా కుదిరాను. పత్తి రైతులు డబ్బా చేతిలో పట్టుకుని, “దీంట్లో ఏం రాసిండారప్పా?” అని అడిగేవాళ్లు. తెలియదని చెప్పడానికి నాకు నామోషీ. పాత పుస్తకాల బండి మీద ఒక నిఘంటువు కొని, డబ్బాల్లో మడిచిపెట్టే ఇంగ్లీషు కాగితాలను మాటకు మాట వెతుక్కుంటూ చదివాను. నీళ్లలో ఎంత కలపాలి, దేనితో కలపకూడదు, కళ్లలో పడితే ఏం చేయాలి. అదే నా బడి, అదే నా కాలేజీ. అంగడి మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. నా భార్య పోయింది, పిల్లలు లేరు. పత్తి మిల్లు వెనక ఒక గది, ఒక గ్యాసు పొయ్యి, పేపర్ల కట్టలు. మాట్లాడే మనిషి లేని రోజున పేపరుతోనే కొట్లాడేవాణ్ణి.

తమ్ముడు నాకంటే ఆరేడేళ్లు చిన్న. కరువు ఏడాదుల్లో మా ఇద్దరికీ కలిపి మా అమ్మ ఒకే సంగటి ముద్ద పెట్టేది. నాకు ఎక్కువొచ్చిందని వాడు, వాడికి ఎక్కువొచ్చిందని నేను రోజూ రచ్చ. ఒకనాడు ఆమెకు విసుగొచ్చి, “పెద్దోడు విరచల్ల, చిన్నోడు ఏరుకోవల్ల. ఇంగ నా చెవుల్లో అరిస్తే ఇద్దరికీ ల్యా” అనింది. ఆ రోజు నుంచి నేను ముద్దను దారం పట్టినట్టు విరిచేవాణ్ణి. వాడు పళ్లెం అటు తిప్పి, ఇటు తిప్పి, రెండు ముక్కల్నీ కన్నార్పకుండా చూసి ఒకటి తీసుకునేవాడు. మిగిలింది నాది. మా అమ్మ చట్టంలో మోసానికి చోటు లేదు.

పెద్దయ్యాక వాడు ఆళ్లగడ్డలో రాతిపనికి కుదిరాడు. మంచి చెయ్యి. రాయి కొనేముందు సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. లోపల బీట ఉంటే మొద్దుగా మోగుతుంది. మంచి రాయి గంటలా పలుకుతుంది. “మనిషిని గూడా ఇట్ల కొట్టి చూసే ఇదుంటే బాగుండున్నా” అని నవ్వేవాడు.

నడివయసులో వాడికి గొంతులు వినిపించడం మొదలైంది. ఇద్దరు మగవాళ్లు, కనపడరు. వాడితో మాట్లాడరు, వాడి గురించి వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. “ఉలి తీసుకుంటాండాడు చూడు.” “ఇప్పుడు సామి ముక్కు పగలగొడ్తాడు చూడు.” అట్లా వింటూ నిజంగానే రెండు విగ్రహాల ముక్కులు పోగొట్టాడు. ఆ తర్వాత ముఖం చెక్కే పనికి ఎవరూ వాణ్ణి పిలవలేదు. అప్పుడే తాగుడు కూడా ముదిరింది. ఎందుకురా అంటే దాచలేదు. “రెండు గ్లాసులు పడితే నోరు మూసుకుంటారన్నా నా కొడుకులు. ఇంగ దేనికీ మూయరు.”

నేను వాణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. తాగుడు మాన్పించే చోట లోపలికి తీసుకున్నారు. వాడు గోడతో మాట్లాడడం చూసి మర్నాడే నన్ను పిలిచి, “ఇది మతి జబ్బు పెద్దాయనా, మా దగ్గర కుదరదు. అది నయం చేయించుకుని తీసుకురా” అన్నారు. మతి జబ్బుల డాక్టరు దగ్గరికి పోతే ఆయన వాసన పట్టి, “ముందు తాగుడు మానిపించు. మందు కడుపులో ఉంటే ఏ గొంతు దేనివల్ల వస్తుందో నాకెట్లా తెలుస్తుంది?” అన్నాడు. ఆ తలుపు ఈ తలుపును చూపిస్తుంది, ఈ తలుపు ఆ తలుపును చూపిస్తుంది. నడుమ బస్సులో మేమిద్దరం. తమ్ముడు కిటికీకి తల ఆనించి, “అన్నా, మనల్ని ఫుట్‌బాల్ ఆడుకుంటాండారు” అన్నాడు. అంత తెలివిగా మాట్లాడే మనిషిని పిచ్చివాడంటే నాకు మనసొప్పేది కాదు.

అట్లాంటి రోజుల్లోనే పేపర్లో చూశాను. తాగుడు మాన్పించే కొత్త చికిత్స మీద పరిశోధన చేస్తున్న వైద్యులు నంద్యాలకు వస్తున్నారని, ఇష్టమున్నవాళ్లు రావచ్చని. పరిశోధన అనే మాట మీద నాకు పెద్ద నమ్మకం. పురుగుమందు కాగితాలన్నీ పరిశోధన నుంచి వచ్చినవే కదా. ఆళ్లగడ్డ పోయి తమ్ముణ్ణి, వాడి భార్యను ఒప్పించాను. ఆమె రాలేనంది. పొద్దున్నే సంగటి వండి మా ఇద్దరికీ పెట్టింది. వాడి పళ్లెం వేరే, నా పళ్లెం వేరే. వాడు ముద్దను వాసన చూసి, సగం తిని లేచాడు.

నంద్యాలలో మమ్మల్ని చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఓపికగల పిల్ల. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగింది. ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు, మానితే చేతులు వణుకుతాయా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తాయా. వాడు అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె అడిగింది:

“నీకు ఎవరైనా హాని చేస్తున్నారని అనిపిస్తుందా? తినేదాంట్లో ఏమైనా కలుపుతున్నారని?”

“అనిపించేదేంది మేడం? కలుపుతాండారు.”

“ఎవరు?”

“ఇంట్లోనే. ఈ మధ్య తాగితే చాలు, మొగమంతా మండిపోతాంది, గుండెకాయ నోట్లోకి వస్తాంది. ముందర ఎప్పుడూ ల్యా. కూట్లోనే ఏందో ఉంది.”

ఆమె తల ఊపి రాసుకుంది. గదిలో ఉన్నవాళ్లెవరికీ ఆ మాట కొత్తగా తోచలేదు. గొంతులు వినేవాడు అట్లాంటి మాట అనడం మామూలే అనుకున్నారు. డాక్టరమ్మ రాసుకుంటున్న పుస్తకం మూసి నా వైపు తిరిగింది.

“తాతా, ఈయనకు రెండు జబ్బులూ ఉన్నాయి. రెండూ ఉన్నవాళ్లను ఈ పరిశోధనలోకి తీసుకోకూడదు. తీసుకుంటే గుణం కనిపించినా అది దేనివల్ల వచ్చిందో తేల్చలేం.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “అమ్మా, నేను పురుగుమందులమ్మినోణ్ణి. చేన్లో పచ్చపురుగూ తెల్లదోమా రెండూ పడితే, రైతును ఒక పురుగును ఇంటికాడ కట్టేసి రాపో అంటామా? పైరు ఒకటే కదా!”

ఆమె ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపింది. “మీ మాట నిజమే తాతా. రెంటికీ ఒకే చోట, ఒకేసారి వైద్యం చేయాలనే మా చదువూ చెప్తుంది. ఈ నియమం మాత్రం నేను పెట్టింది కాదు. పరిశోధన సంగతి వదిలేయండి. వారంలో ఒకరోజు ఇక్కడి ఆసుపత్రి ఓపీలో నేనే కూర్చుంటాను. అక్కడికి తీసుకురండి, నేను చూస్తాను.” గొంతులకు ఒక మాత్ర కూడా రాసిచ్చింది.

ఆ మాట నాకు వినపడింది కానీ తమ్ముడికి వినపడలేదు. వాడికి వినపడింది ‘తీసుకోకూడదు’ అన్నంతవరకే. ఆళ్లగడ్డలో దిగగానే, “పరిశోధనకు గూడా పనికిరానోణ్ణి అన్నా నేను” అని, నేను చెయ్యి పట్టుకునేలోగా బ్రాందీ అంగట్లో దూరాడు.

ఎండపూట అది. ఇంటి ముందరి తన కొట్టానికి చేరేసరికి వాడి ముఖం కుంకుమ పూసినట్టయింది. కళ్లు ఎర్రబడ్డాయి. రొప్పుతూ బండల మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, నాడి చిక్కడం లేదు. పక్క కొట్టంలో నంది విగ్రహం చెక్కుతున్న పెద్దమనిషి ఆటో పిలిచాడు, మరదలు కూడా ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి ఎక్కింది. ఊరి ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, అక్కడి డాక్టరు అడిగాడు, “ఏమైనా మాత్రలు వాడుతున్నాడా?”

లేదన్నాను. డాక్టరు మరదలి వైపు చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

“బావా, నేను కలిపినా” అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

“తాగుడు మానిపించే మాత్ర. రోజూ సంగట్లో ఒగటి పొడి చేసి కలుపుతాంటి. పొద్దున మీరు నంద్యాలకు పోతాంటిరి కదా, దావలో తాగుతాడేమోనని రెండు కలిపినా.”

డాక్టరు తల పట్టుకున్నాడు. ఆ మాత్ర ఒంట్లో ఉన్నప్పుడు మందు తాగితే అది విషంలా పని చేస్తుందని, ప్రాణం కూడా పోవచ్చని అప్పుడు చెప్పాడు. తమ్ముడు మంచం మీద కళ్లు తెరిచే ఉన్నాడు. అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. నా వైపు చూసి, “చెప్పినా కదన్నా” అన్నాడు. అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బయట వరండాలో మరదలి మీద అరవబోయాను. ఆమె నాకంటే ముందు అరిచింది.

“నన్నెవరు అడిగినారు బావా? ఏం చేయల్లనో ఎవరు చెప్పినారు? తాగుడాసుపత్రోళ్లు తోలేసిరి. పిచ్చాసుపత్రోళ్లు తోలేసిరి. నువ్వు నెలకొకసారి వచ్చి పేపర్లో చదివింది చెప్పిపోతివి. ఆ గోడొగటే నన్ను రమ్మనింది.”

ఆ గోడ మీది నంబరుకు ఆమె ఫోను చేస్తే ఒక మందుల అంగడి పేరు చెప్పారట. అక్కడికి పోయాను. మాత్రతో వచ్చే కాగితం అడిగి తీసుకున్నాను. నిఘంటువు అక్కర్లేకుండానే చదివాను. రోగికి తెలియకుండా ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు. మతి జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరాదు, అది ఎక్కువ కావచ్చు. అంగడివాడి ముఖం మీద పెట్టి, “ఇది చదివినావా నువ్వు?” అన్నాను.

“పెద్దాయనా, కాగితాలు చదివి మాత్రలమ్మల్లంటే ఇంగ అంగడి మూసుకోవల్ల.”

“నేను విషమమ్మినోణ్ణిరా. చదివే అమ్మినా.”

“మరి నీకేం మిగిలె?” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఆ కాగితం చూసుకుని నేనొకటి అనుకున్నాను. గొంతులన్నీ ఆ మాత్ర చేసిన పనే, మాత్ర ఆపితే పోతాయి అని. గొంతులు మాత్రకంటే ఎన్నో ఏళ్ల ముందువని తెలిసి కూడా కాగితం నమ్మాను. మాత్ర ఆగింది. గొంతులు పోలేదు. కొత్త మాట నేర్చుకున్నాయి. “ఇప్పుడు కలుపుతాండారు చూడు.”

తమ్ముడు ఇంట్లో వండింది ముట్టడం మానేశాడు. హోటల్లోదీ ముట్టడు, అంగట్లో విప్పి ఇచ్చిందీ ముట్టడు. అరటిపండు తొక్క చీలకుండా ఉంటే తింటాడు. కోడిగుడ్డు పెంకుతో ఉడికించి తెస్తే, పెంకు మీద సన్నని గీత ఉన్నా పక్కన పెట్టేస్తాడు. బుడ్డలు, అంటే వేరుశనగలు, కాయలతోనే కొని, ఒక్కొక్కటీ తట్టి చూసి వలుచుకుంటాడు. ఎళనీరు బొండం తనే కొట్టుకుంటాడు. భార్య ఎదురుగా ఉంటే అవీ తినడు. ఆమె పది రోజులు చూసి, “నేను కండ్ల ముందర ఉంటే ఈ మనిషి బతకడు బావా” అని జూపాడు బంగ్లా ఊళ్లో తన తమ్ముడింటికి పోయింది. పోతూ సంగటి కెలికే కట్టెను కడిగి నా చేతిలో పెట్టింది.

నేను నంద్యాల గదికి తాళం వేసి ఆళ్లగడ్డకు మారాను.

ఆ కొట్టంలో ఉన్న రోజులు చెప్పడం కష్టం. నేల మీద బేతంచెర్ల బండలు, బండల మీద రాతిపొడి. చుట్టూ తల లేని విగ్రహాలు, చేతులు లేనివి, పూర్తికాకుండా వదిలేసినవి. పగలంతా పక్క కొట్టాల్లో ఉలి చప్పుడు. సాయంత్రం అది ఆగితే చెవులు గుయ్యిమనేవి. వాడు ఒక మూల, నేను ఒక మూల. నేను పలకరిస్తే సగం మాట నాకు చెప్పి సగం ఇంకెవరికో చెప్పేవాడు. వాడికి ఇద్దరున్నారు, క్షణం వదిలిపెట్టరు. నాకు వాడొక్కడే, వాడూ నా వైపు తిరగడు. నంద్యాల గదిలో కూడా ఒంటరిగానే ఉన్నాను కానీ అక్కడ ఒంటరితనం నాది. ఇక్కడ వాడిది కూడా నా మీదే పడింది.

డాక్టరమ్మ రాసిచ్చిన గొంతుల మాత్రలు నా జేబులోనే ఉన్నాయి. ఓపీకి పోయి జరిగింది చెప్పాను. ఆమె పాత కాగితాలు తీసి, ఆ రోజు రాసుకున్నది మళ్లీ చదివింది. “ఆ రోజు ఆయన నిజమే చెప్పాడన్నమాట. నేను దాన్ని జబ్బు లెక్కలో వేశాను” అంది. తర్వాత, “మాత్ర ఆయనకు చెప్పే ఇవ్వండి. ఆలస్యమవుతుంది, అయినా చెప్పే ఇవ్వండి” అంది.

చెప్పి ఇస్తే వాడు తీసుకోడు. చెయ్యి చాపితే నా చేతిని, అందులోని మాత్రను చూసి మూలకు జరిగేవాడు. చొక్కా కింద పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పక్క కొట్టం పెద్దమనిషి ఒక ఉపాయం తెలుసుకుని వచ్చాడు. గొంతులకు చుక్కల మందు కూడా ఉంటుందట. నీళ్లలాగే ఉంటుంది. రుచి లేదు, వాసన లేదు.

“ఎళనీరు బుర్రకు సూదితో పొడిచి నాలుగు చుక్కలు ఎయ్యప్పా. వాడు యాడ చూస్తాడు?”

“తెలియకుండానా?”

“తెలియకుండానే. వాని మంచికే కదా.”

“ఆ గోడ రాసినోడు గూడా అదే అంటాండాడు.”

“నీ న్యాయం నీకు బాగుందిలే” అన్నాడాయన. “వాని ప్రాణం వానికి బాగుండల్ల కదా!”

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. వాడు చచ్చిపోతే నా న్యాయాన్ని ఏ రాయి మీద చెక్కిపెట్టుకోవాలి? చుక్కల మందు వేస్తే వాడు బతకొచ్చు. కానీ ఒకరోజు తెలుస్తుంది. ఎప్పుడూ తెలుస్తుంది. ఆ రోజు వాడికి అరటిపండు కూడా ఉండదు. చుక్కలు కొనలేదు. అది ధైర్యమో మొండితనమో అప్పుడు నాకు తెలియదు.

గ్యాసు పొయ్యిని ఇంట్లోంచి తీసి కొట్టం నడుమ పెట్టాను. వాడి కళ్ల ముందే రాగిపిండి సంచి కత్తిరించాను. నీళ్లు పోయడం, ఎసరు మరగడం, నూకలు ఉడకడం, పిండి వేసి కెలకడం, అన్నీ వాడి వైపు తిరిగి. ఏం వేస్తున్నానో నోటితో చెప్తూ వేశాను. “ఇది ఉప్పు. ఇది పిండి.” పక్క కొట్టాలవాళ్లు తొంగిచూసి, “పెద్దాయన టీవీలో వంట చేస్తాండాడు రండి” అని నవ్వుకున్నారు. ముద్ద చేసి, తడి చేత్తో రెండుగా విరిచి, రెండు ముక్కలూ ఒకే పళ్లెంలో పెట్టి వాడి ముందుకు తోసి, ఊరుకున్నాను. వాడు ముట్టలేదు. సంగటి చల్లారి గట్టిపడింది. సాయంత్రం రెండు ముక్కలూ నేనే తిన్నాను. మర్నాడు అంతే. తర్వాతి రోజూ అంతే. ఎన్నాళ్లో గుర్తు పెట్టుకోలేదు. ఒక్కణ్ణే ఇద్దరి కూడు తినడం బలే కష్టం.

ఒకరోజు పళ్లెం జరిగిన చప్పుడైంది. తల ఎత్తి చూస్తే వాడు పళ్లెం తిప్పుతున్నాడు. అటు, ఇటు. చిన్నప్పటిలాగే రెండు ముక్కల్నీ కన్నార్పకుండా చూస్తున్నాడు. దూరంగా ఉన్న ముక్క తీసుకున్నాడు. తినలేదు, పట్టుకున్నాడు. నేను మిగిలిన ముక్క ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని తిన్నాను. నేను పూర్తిచేసి నీళ్లు తాగాక వాడు కొరికాడు.

“పెద్దముక్క నీకే పోయె” అన్నాడు.

“ఏరుకుంది నువ్వే కదరా.”

అన్ని నెలల్లో మేము మాట్లాడుకున్న మొదటి సరైన మాట అదే.

సంగటి కడుపులో సర్దుకున్నాక మాత్ర తీశాను. అరచేతిలో పెట్టి చెప్పాను. “ఇది గొంతుల మాత్ర. సంగట్లో ఏం ల్యా, ఇది వేరే. తింటే నిద్ర వస్తాది. నోరెండిపోతాది. గొంతులు వెంటనే తగ్గవు, కొన్నాళ్లు పడతాది. తినల్లనో వద్దో నువ్వే చెప్పు.”

వాడు మెడ చాచి దాన్ని చూశాడు.

“విరువు” అన్నాడు.

“ఏంది?”

“విరిచేది నువ్వే కదా. విరువు.”

మాత్ర నడుమ గీత ఉంది. గోళ్లతో నొక్కితే రెండైంది. పళ్లెంలో పెట్టాను. పళ్లెం తిప్పాడు, ఒక సగం తీసుకుని పిడికిట్లో మూశాడు.

“నువ్వు తిను.”

అది నా జబ్బుకు మందు కాదు. కాగితాలు చదివినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలుసు. కానీ మా అమ్మ చట్టంలో సంగటికి ఒకటి, మాత్రకు ఒకటి లేదు. మింగాను. వాడు మింగలేదు. పిడికిలి మూసుకుని నా ముందు కూర్చుని, రాయిని తట్టి వినేటప్పుడు చూసినట్టు నన్ను చూస్తున్నాడు.

కాసేపటికి ఉలి చప్పుళ్లు దూరమైనట్టనిపించాయి. కాళ్లు బరువెక్కాయి. చల్లటి బండ మీద, రాతిపొడిలోనే ఒరిగాను. లేచేసరికి ఎండ కొట్టం అవతలి గోడకు పోయింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. వాడు ఉన్నచోటే ఉన్నాడు. నా తల కింద గోనెపట్టా మడిచి పెట్టి ఉంది.

“నోరెండిందా?”

“ఎండింది.”

“బలే నిద్రపోతివి. గురక గూడా పెడ్తివి.”

“చెప్పినా కదరా, నిద్ర వస్తాదని.”

“చెప్తివి” అన్నాడు. “నువ్వు చెప్పినట్లే జరిగె.”

పిడికిలి విప్పాడు. చెమటకు మాత్ర కొంచెం కరిగింది. నాలుక మీద పెట్టుకుని, తన సీసా తెరిచి, తన నీళ్లతోనే మింగాడు.

ఓపీలో ఈ సంగతి చెప్తే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. “తాతా, మీ వయసేంటి, మీరు వాడే బీపీ మాత్రలేంటి! ఇంకోసారి అట్లా చేస్తే నేను మీకు వైద్యం చేయాల్సి వస్తుంది.” కోపం దిగాక సగంతో మొదలుపెట్టడం మంచిదే అంది. ఇక నేను తినకూడదని, విరవడం మాత్రం విరవొచ్చని అంది. మీ పరిశోధనలో ఇది కూడా రాసుకోండి అన్నాను. “ఒక మనిషి మీద చేసినదాన్ని పరిశోధన అనరు తాతా” అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు వాడు పొద్దున ఒక సగం, సాయంత్రం ఒక సగం వేసుకుంటున్నాడు. ఏది పొద్దునదో వాడే ఏరుకుంటాడు. నెలకోసారి నాతో నంద్యాలకు వస్తాడు. ఆమె ఒక్కతే రెండు జబ్బులూ చూస్తుంది. గొంతులు పోలేదు. “పక్క కొట్టంలోకి పోయినారన్నా, ఈడికి సరిగ్గా వినపడదు” అంటాడు. తాగుడూ పూర్తిగా పోలేదు. తాగిన రోజు దాచడు, నేను అరుస్తాను, వాడు వింటాడు. ముఖాలు చెక్కడానికి మాత్రం ఒప్పుకోడు. విగ్రహాల కింద పెట్టే తామరపీఠాలు చెక్కుతాడు. వాటికి ముక్కు ఉండదు.

నేను ఇంకా ఆళ్లగడ్డలోనే ఉన్నాను. నంద్యాల గది ఖాళీ చేశాను. పేపర్ల కట్టలు బుడ్డల బండివాడికి ఇచ్చేశాను.

పోయిన ఆదివారం మరదలు వచ్చింది. జూపాడు బంగ్లా నుంచి రెండు బస్సులు మారి. చేతిలో టిఫిన్ గిన్నె లేదు, గుడ్డసంచి ఉంది. వాడికి దూరంగా, తామరపీఠం మీద కూర్చుంది. సంచి విప్పి బండల మీద కుప్ప పోసింది. ఉప్పు వేసి ఉడికించిన బుడ్డలు, కాయలు కాయలుగా, ఒక్కటి కూడా చీలకుండా ఏరి తెచ్చింది.

వాడు కుప్ప దగ్గరికి జరిగాడు. ఒకటి తీసి చెవి దగ్గర ఆడించాడు. వలిచాడు. తిన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. ఆమె వాడి వేళ్లనే చూస్తోంది. పొట్టు రాలే చప్పుడొక్కటే.

బస్సు వేళకు ఆమెతో పాటు దారి దాకా నడిచాను. గోడ దగ్గరికి వచ్చేసరికి తల దించుకుంది. దాన్ని దాటాక అడిగింది.

“బావా, నా చేతి సంగటి ఎప్పుడు తింటాడంటావ్?”

నాకు తెలియదన్నాను. నలభై ఏళ్లు అంగట్లో నాకు చేతకాని మాట అది.

“ఉప్పు సరిపోయిందా? అదన్నా అడగాల్సింది” అంది.

తిరిగి వచ్చి వాణ్ణి అడిగాను. కొంచెం తక్కువైందట. ఫోను చేసి ఆమెకు చెప్పాను.